ఉద్యోగం చేస్తూ ఎం.టెక్. చదివినవారు దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. బి.టెక్. తర్వాత ఇక్కడే దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. సిరిమానోత్సవం రద్దీలో ఒక మిఠాయి దుకాణం సైటులో మిగిలిన ఒక్క పెట్టె ఒకే క్షణంలో ఇద్దరికి అమ్ముడైపోయింది. డేటాబేసులో లాక్ పెట్టి, అంటే ఒకరి కొనుగోలు పూర్తయ్యేదాకా ఇంకొకరిని ఆపి, సరిచేశాం. అదే డేటా నాలుగు సర్వర్లలో ఉంటే ఏం చేయాలో చెప్పేవారు ఇక్కడ దొరకలేదు. అందుకే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (పలు కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేసే వ్యవస్థలు), వెబ్ భద్రత లోతుగా చదవాలని గట్టిగా ఉంది.

గేట్ (ఎం.టెక్. ప్రవేశానికి రాసే పరీక్ష) స్కోరుతో పూర్తికాలం ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది, ఆ ఉపకార వేతనం చాలదు. ఉద్యోగం మానకుండా చదివినవారు దయచేసి చెప్పండి: కంప్యూటర్ సైన్స్ తీసుకోవడం మేలా, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగా? వారాంతపు తరగతుల్లో ప్రయోగశాల పని నిజంగా చేయిస్తారా?