‘ఉన్నితోలు మీద బిడ్డను పడుకోబెట్టండి’: ఈ వాక్యం సరేనా?

ప్రశ్న: పసిపిల్లల షీప్‌స్కిన్‌తో ఇచ్చే వాడకం కాగితం తెలుగులో రాస్తున్నాను. ‘గొర్రె చర్మం’ అంటే ఎబ్బెట్టుగా ఉంది, ‘గొర్రెతోలు’ అంటే బొచ్చు ఉందని తెలియడం లేదు. ఏమనాలి? శీర్షికలోని వాక్యం, ‘ఉతికి ఎండబెట్టండి’ అన్నది ఉంచవచ్చా?

జవాబు: ‘ఉన్నితోలు’ అనండి. ఉన్నిని తోలుకు అలాగే ఉంచి పదును చేసిన (కుళ్లకుండా శుద్ధి చేసిన) సరుకు కదా, ఆ మాటలో రెండూ ఉన్నాయి. కంబళి, గొంగడి మాత్రం వద్దు. అవి ఉన్ని వడికి నేసినవి.

ఇంకో జవాబు: పేరు కంటే క్రియ ముఖ్యమండీ. ‘పడుకోబెట్టు’ అంటే ఒరిగేలా వేయడమూ అవుతుంది, నిద్రపుచ్చడమూ అవుతుంది. చదివే తల్లి రెండో అర్థమే తీసుకుంటుంది. ఏడాదిలోపు పిల్లల్ని ఉన్నితోలు మీద నిద్రపుచ్చకూడదు. బిడ్డ బోర్లా తిరిగితే ముక్కు, నోరు ఉన్నిలో కూరుకుపోతాయి, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది, పైగా ఒళ్లు వేడెక్కుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 సూచనల్లో, పిల్లలు నిద్రపోయే చోట ఉండకూడని మెత్తటి వస్తువుల్లో దిండ్లు, బొంతలతోపాటు ఉన్నితోలునూ పేరుపెట్టి చెప్పింది. ఉన్ని కురచగా కత్తిరించిన రకానికీ మినహాయింపు ఇవ్వకండి. పైన దుప్పటి పరిచినా అడుగున మెత్తదనం పోదు.

అందుకని ఇలా విడదీసి రాయండి: ‘బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు ఉన్నితోలును నేలమీద పరిచి, దానిమీద బిడ్డను బోర్లా వేయండి, పక్కనే ఉండండి. కునుకు పడితే వెంటనే ఎత్తుకుని, గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా నిద్రపుచ్చండి.’ ‘పక్క’, ‘పాన్పు’ అన్న మాటలు కాగితంలో ఎక్కడా రానివ్వకండి.

మొదట జవాబిచ్చినవారు: ఒప్పుకుంటాను. ‘ఉతికి ఎండబెట్టండి’ కూడా మార్చాలి. ఉతకడం అంటే బాదడం, రుద్దడం గుర్తొస్తాయి. వేడినీళ్లలో రుద్దితే ఉన్నిపోగుల పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అట్టకడతాయి. ‘30 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లలో జాడించండి, మెలిపెట్టి పిండకుండా అదిమి నీరు తీయండి’ అనండి. సబ్బు ఉన్నికోసం చేసినదై ఉండాలి. మరకలు తీసే ఎంజైముల్లో ప్రోటీన్‌ను విరగ్గొట్టేవి ఉంటాయి, ఉన్నీ తోలూ రెండూ ప్రోటీనే. ‘ఎండబెట్టండి’ బదులు ‘నీడన ఆరబెట్టండి’. ఎండకో హీటర్‌కో పెడితే తోలు ముడుచుకుపోయి బిరుసెక్కుతుంది. కాస్త చెమ్మ ఉండగానే నాలుగువైపులా చేత్తో సాగదీస్తే మెత్తగా నిలుస్తుంది.

అన్నట్టు, పటికతో పదును చేసిన తోలైతే ఈ వాక్యాలన్నీ తీసేయాలి. నీళ్లకు పటిక కరిగిపోతుంది, ఆరాక తోలు చెక్కలా తయారవుతుంది. దానికి ‘నీటిలో తడపరాదు, దులిపి గాలికి ఆరవేయండి’ చాలు. ఏ పదునో తయారీదారును అడిగాకే ఆ భాగం రాయండి.