ప్రమాదం ఒక్కటే, లాయర్లు ముగ్గురా? వర్జీనియాలో రెక్‌లెస్ డ్రైవింగ్ టికెట్, గాయం, వీసా

పొద్దుతిరుగుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య నా మీద ఆధారపడినవారికిచ్చే హెచ్-4 వీసా మీద ఉంది. మూడు వారాల కిందట సాయంత్రం ఇంటికి వస్తూ ఒక కూడలిలో ఎడమవైపుకు తిరుగుతుండగా, ఎదురుగా వేగంగా వచ్చిన కారు మా కారు కుడి తలుపును గుద్దింది. అటువైపు కూర్చున్న నా భార్యకు మెడ కింది ఎముక విరిగింది. నాకు మెడ, భుజం నొప్పి ఇంకా తగ్గలేదు.

ఆమెను అంబులెన్సులోకి ఎక్కిస్తున్న సమయంలో పోలీసు అధికారి వచ్చి ఏం జరిగిందని అడిగితే, "ఆ కారు నాకు కనిపించలేదు" అన్నాను. ఆయన ఒక కాగితం మీద సంతకం చేయమంటే చేశాను. మామూలు ట్రాఫిక్ టికెట్ అనుకున్నాను. మర్నాడు ఆసుపత్రిలో తీరిగ్గా చదివితే అందులో రెక్‌లెస్ డ్రైవింగ్ (లెక్కలేకుండా ప్రమాదకరంగా నడపడం) అనీ, ఫలానా రోజున జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు హాజరు కావాలనీ రాసి ఉంది. ఆ రోజుకు ఇంకా ఐదు వారాల గడువుంది.

తప్పు ఒప్పుకుంటే జరిమానా కట్టించుకొని పంపేస్తారని, లాయరు ఖర్చు దండగని మిత్రులు అంటున్నారు. ఇంకోవైపు ఎదుటి కారు బీమా కంపెనీలో క్లెయిమ్‌లు చూసే ఉద్యోగి (అడ్జస్టర్) ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసి, రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇమ్మని, నా భార్య ఆసుపత్రి ఖర్చుల కింద కొంత డబ్బు వెంటనే ఇస్తామని, దానికోసం ఒక ఫారం పంపామని చెప్పారు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందింది, డిసెంబరులో పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్లవలసి ఉంది. ఈ స్థితిలో నాకు లాయరు నిజంగా అవసరమా, అవసరమైతే ముందు ఎవరిని కలవాలి, మా కంపెనీ ఇమిగ్రేషన్ లాయరును అడిగితే సరిపోతుందా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గట్టుమీది చెట్టు:

ముందుగా మీ భార్య త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీ మిత్రులు చెప్పిన సలహా చాలా రాష్ట్రాల్లో మామూలు టికెట్లకు సరిపోతుందేమో గాని, వర్జీనియాలో రెక్‌లెస్ డ్రైవింగ్‌కు సరిపోదు. ఇక్కడ అది ట్రాఫిక్ ఉల్లంఘన కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే నేరం. చట్టం ప్రకారం 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు, లైసెన్సును ఆరు నెలల వరకు నిలిపివేయవచ్చు. మొదటిసారి ఇటువంటి అభియోగం వచ్చినవారిని జైలుకు పంపడం సాధారణంగా జరగదు గాని, శిక్ష పడితే డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే మోటారు వాహనాల శాఖ) రికార్డులో అది 11 ఏళ్లు ఉంటుంది. నేర చరిత్రలో ఎక్కేది వేరు.

మీరు పెట్టిన సంతకం నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు వస్తానని ఇచ్చిన మాట మాత్రమే. కనుక దాని గురించి బెంగ వద్దు. ఆ రోజు కోర్టుకు వెళ్లకపోతే మాత్రం అది ఇంకో కేసవుతుంది. "కారు కనిపించలేదు" అన్న మాట సంగతి వేరు. రోడ్డు పక్కన అధికారి అడిగే ప్రశ్నలకు మిరాండా హెచ్చరిక (మౌనంగా ఉండే హక్కు, లాయరు హక్కు ఉన్నాయని చెప్పడం) చెప్పవలసిన పని లేదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది కనుక, ఆ మాట కోర్టులో చెప్పే వీలుంది. అయినా ఆ ఒక్క మాటతో కేసు తేలిపోదు. కనిపించకపోవడం వేరు, ప్రాణాలను లెక్కచేయకుండా నడపడం వేరు. ఆ తేడాను న్యాయమూర్తి ముందు నిలబెట్టడమే క్రిమినల్ లాయరు పని. తప్పు స్వల్పమని కోర్టు భావిస్తే అభియోగాన్ని ఇంప్రాపర్ డ్రైవింగ్‌కు తగ్గించవచ్చు. అది నేరం కాదు, 500 డాలర్లకు మించని జరిమానాతో పోయే ఉల్లంఘన.

జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో మొదటి తేదీనాడే సాక్ష్యం విని తీర్పు చెప్పేసే అవకాశం ఎక్కువ. "మొదటిసారి వెళ్లి చూసి, అవసరమనుకుంటే అప్పుడు లాయరును పెట్టుకుందాం" అనుకునేవారు అక్కడే దెబ్బతింటారు. తీర్పు ప్రతికూలంగా వస్తే పది రోజుల్లోపు సర్క్యూట్ కోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు ఉంది, అక్కడ విచారణ మళ్లీ మొదటినుంచి జరుగుతుంది. కాని ఐదు వారాల గడువు చేతిలో ఉన్నవారు ఆ పది రోజుల మీద ఆధారపడకూడదు. ఈ వారంలోనే, మీ కేసున్న కౌంటీ కోర్టులోనే రోజూ వాదించే లాయరును కలవండి.

నిత్యయాత్రికుడు:

పైన చెప్పినదంతా నిజమే. వీసా వైపునుంచి నాకు తెలిసింది కలుపుతున్నాను.

రెక్‌లెస్ డ్రైవింగ్ ఒక్కదానితో, మద్యం గాని మాదకద్రవ్యం గాని లేనప్పుడు, సాధారణంగా దేశంనుంచి పంపించే పరిస్థితి రాదు. మద్యం తాగి నడిపిన కేసయితే శిక్ష పడకముందే, అరెస్టు సమాచారంతోనే విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. మీది ఆ కోవలోది కాదు, అది ఊరట. అయినా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో అరెస్టు, శిక్షల గురించిన ప్రశ్న ఉంటుంది. శిక్ష పడితే డిసెంబరులో దానికి "అవును" అని రాసి, కోర్టునుంచి తెచ్చుకున్న ధ్రువీకృత ప్రతులు చేతిలో పెట్టుకొని వెళ్లాలి. దాచడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు, ఎందుకంటే అబద్ధం చెప్పారన్నది అసలు కేసుకన్నా పెద్ద కారణమై జీవితకాలం అడ్డుపడవచ్చు.

ఎక్కువమంది మోసపోయే చోటు ఒకటుంది. ఒప్పుకో, ఏడాది పాటు బుద్ధిగా ఉండు, తరువాత కొట్టేస్తాం అన్న ఏర్పాటు కొన్ని కోర్టుల్లో దొరుకుతుంది. రాష్ట్రం దృష్టిలో అప్పటికి ఆ కేసు లేనట్టే. కాని 1996లో చేసిన ఫెడరల్ నిర్వచనం ప్రకారం నేరం ఒప్పుకొని, దానితోపాటు ఏ రూపంలోనైనా శిక్ష గాని, ఆంక్ష గాని పడితే, ఇమిగ్రేషన్ దృష్టిలో అది నేరం రుజువైనట్టే. నాకు తెలిసిన ఒక విద్యార్థి దుకాణంలో చిన్న దొంగతనం అభియోగం మీద ఇలాగే ఒప్పుకొని, కేసు కొట్టేశారు కనుక ఏమీ లేదనుకొని స్టాంపింగ్‌కు వెళ్లాడు. నెలల తరబడి తిరిగి రాలేకపోయాడు, చదువు మధ్యలో ఆగిపోయింది. నేరం ఒప్పుకోకముందు ఒక్క గంట ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి ఉంటే ఆ అబ్బాయి వేరే దారి అడిగి ఉండేవాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేరం ఒప్పుకుంటే దేశబహిష్కరణ ముప్పు ఉందేమో క్లయింటుకు చెప్పవలసిన బాధ్యత క్రిమినల్ లాయరుకు ఉందని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో పడిల్లా నలభై ఏళ్లుగా ఇక్కడ ఉన్న గ్రీన్ కార్డుదారు, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్లు ఉన్నావు కనుక భయం లేదని ఆయన లాయరు చెప్పిన మాట తప్పయింది. అయితే చట్టం స్పష్టంగా లేని చోట, పరిణామాలు ఉండవచ్చని హెచ్చరిస్తే చాలునని అదే తీర్పు అంటుంది. అందుకే మీరు విడిగా ఇమిగ్రేషన్ లాయరును అడగమంటున్నాను.

కంపెనీ లాయరు విషయంలో జాగ్రత్త అవసరం. ఆయన కంపెనీ తరఫు మనిషి. మీ తరఫున కూడా పనిచేస్తున్నా, మీరు చెప్పినది కంపెనీకి చేరదన్న హామీ ఉండకపోవచ్చు. సొంతంగా డబ్బు కట్టి బయటి ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. అలా కలిసేటప్పుడు ఆయన పేరు రాష్ట్ర బార్ (లాయర్ల నమోదు సంస్థ) వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోండి. నోటరీలు, వీసా కన్సల్టెంట్లు ఇక్కడ న్యాయసలహా ఇవ్వడానికి అర్హులు కారు.

కొండగాలి:

అడ్జస్టర్ పంపిన ఫారం మీద మీ భార్య సంతకం చేయలేదు కదా? చేయకపోతే ఇక చేయనివ్వకండి. అది ఇక పరిహారం అడగనని రాసిచ్చే రిలీజ్ పత్రం అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎముక అతుక్కోకుండా శస్త్రచికిత్స అవసరమైనా, చేయి పూర్తిగా పైకి లేవకపోయినా, ఆ సంతకం తరువాత అడగడానికి ఏమీ మిగలదు. ఎదుటివారి బీమా కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వవలసిన బాధ్యత కూడా మీకు లేదు. మీ సొంత బీమా కంపెనీకి మాత్రం పాలసీ ప్రకారం ప్రమాదం సంగతి తెలియజేసి సహకరించాలి. కాని క్రిమినల్ కేసు నడుస్తున్నందున ఆ మాటలు కూడా లాయరు చెప్పిన పద్ధతిలోనే జరగాలి.

వర్జీనియాలో గాయానికి పరిహారం అడిగే చట్టం కఠినమైనది. గాయపడినవారి తప్పు కూడా ప్రమాదానికి కారణంలో కొంత ఉందని తేలితే, అది ఎంత చిన్నదైనా, పరిహారం మొత్తం పోతుంది. మేరీలాండ్‌లో, ఉత్తర కరోలినాలో కూడా ఇదే పద్ధతి, ఇతర రాష్ట్రాల్లో చాలావరకు తప్పు వాటాను బట్టి తగ్గిస్తారు. ఎడమకు తిరుగుతున్నది మీరు కనుక మీ సొంత భుజం నొప్పికి పరిహారం రావడం కష్టమని ముందే అనుకోండి. మీరు ఇప్పుడు కోర్టులో తప్పు ఒప్పుకుంటే ఆ కష్టం అసాధ్యంగా మారుతుంది. అదే ప్రమాదం గురించి తరువాత సివిల్ దావా వస్తే, ఒప్పుకున్న విషయాన్ని సాక్ష్యంగా పెట్టవచ్చని వర్జీనియా చట్టమే చెబుతోంది. ఒప్పుకోను, కాదనను అనే నోలో కంటెండెరే కూడా ఇక్కడ ఆ రక్షణ ఇవ్వదు. గట్టుమీది చెట్టు గారు చెప్పిన ఇంప్రాపర్ డ్రైవింగ్ క్రిమినల్ వైపు మంచి ఫలితమే, కాని తప్పు ఒప్పుకొని తీసుకుంటే సివిల్ వైపు అదే మెడకు చుట్టుకోవచ్చు. ఈ లెక్క ఒక లాయరు ఒక్కరే చూస్తే కనబడదు, క్రిమినల్ లాయరు, గాయం కేసు లాయరు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

మీ భార్య సంగతి పూర్తిగా వేరు. ఆమె కారు నడపలేదు, పక్కన కూర్చుంది. మీ తప్పును ఆమె తప్పుగా సాధారణంగా లెక్కించరు. ఎదుటి డ్రైవరుది తప్పయితే అతని బీమానుంచి, మీది తప్పయితే మీ బీమానుంచి, ఇద్దరిదీ అయితే ఇద్దరినుంచి అడిగే హక్కు ఆమెకు ఉంది. భర్త మీద భార్య క్లెయిమ్ వేయడమేమిటని మన ఇళ్లలో వెనకాడతారు. ఆ డబ్బు మీరు ప్రీమియం కట్టిన పాలసీనుంచి వచ్చేదే, దానికోసమే ఇన్నేళ్లుగా కడుతున్నారు. కాని ఆమె ప్రయోజనం, మీ ప్రయోజనం ఒకటి కాదు కనుక ఒకే లాయరు ఇద్దరి తరఫునా గాయం కేసు చూడడం కుదరకపోవచ్చు. మొదటి సమావేశంలోనే ఈ మాట అడగండి.

దావా వేయడానికి వర్జీనియాలో రెండేళ్ల గడువుంది. నగరానికో కౌంటీకో చెందిన వాహనం వల్లో, వారి నిర్లక్ష్యం వల్లో జరిగినదైతే ఆరు నెలల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మీకు రెండేళ్లున్నాయి కదా అని ఆగవద్దు, ఎందుకంటే సాక్ష్యానికి అంత ఆయువు ఉండదు. ఆ కూడలి దగ్గర దుకాణాల కెమెరాల్లో పాతది చెరిగి కొత్తది ఎక్కుతూ ఉంటుంది. మీ కారు ఇప్పుడు ఏ టోయింగ్ యార్డులో ఉందో కనుక్కోండి. బాగుచేయడం గిట్టుబాటు కాదని (టోటల్ లాస్) తేల్చాక బీమా కంపెనీ దాన్ని వేలానికి పంపిస్తుంది, దానితోపాటు గుద్దుకునే ముందు క్షణాల వేగాన్ని, బ్రేకును నమోదు చేసిన పరికరమూ పోతుంది. ఎదుటి కారులోనూ అది ఉండవచ్చు. ఆ సమాచారం 2015 ఫెడరల్ చట్టం ప్రకారం కారు యజమాని సొత్తు కనుక, అతను ఒప్పుకోకపోతే కోర్టు ఉత్తర్వు కావాలి. అతను నిజంగా ఎంత వేగంతో వచ్చాడో చెప్పే సాక్షి అదొక్కటే కావచ్చు. వాటిని భద్రపరచమని లాయరు ఈ వారమే లేఖ పంపాలి.

చింతచిగురు:

ప్రతిదానికీ లాయరు దగ్గరకు పరుగెత్తనక్కరలేదని కూడా చెప్పవలసి ఉంది. ఎవరికీ దెబ్బ తగలక బంపరు మాత్రమే పోయిన ప్రమాదంలో మన క్లెయిమ్ మనమే చూసుకోవచ్చు. అడ్రసు మారితే పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు ఏఆర్-11 ఫారం దాఖలు చేయడం వంటివీ అంతే. మీ విషయంలో మాత్రం పైవారందరితో ఏకీభవిస్తున్నాను.

ఖర్చు గురించి ఒక మాట. గాయం కేసుల లాయర్లు మొదటి సమావేశానికి సాధారణంగా డబ్బు తీసుకోరు, గెలిస్తే వచ్చినదానిలో మూడో వంతు ప్రాంతంలో తీసుకుంటారు. కోర్టు ఖర్చులు ఆ వాటాకు ముందు తీస్తారా, తరువాత తీస్తారా అన్నది ఒప్పందంలో చదివి సంతకం చేయండి. క్రిమినల్ లాయర్లు ఇలాంటి కేసులకు ఎక్కువగా ఒకే మొత్తం చెబుతారు. అప్పీలు వస్తే అందులో కలిసి ఉందా అని అడగండి.

పొద్దుతిరుగుడు:

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నా భార్య ఆ ఫారం మీద సంతకం చేయలేదు, అడ్జస్టర్‌కు ఇక ఫోన్‌లో మాట్లాడబోమని చెప్పాము. క్రిమినల్ లాయరుతో గురువారం సమావేశం కుదిరింది. ఇమిగ్రేషన్ లాయరుతో శుక్రవారం వీడియోలో మాట్లాడతాను. నా భార్య తన తరఫున వేరే లాయరునే చూసుకుంటానంది. కారు యార్డులోనే ఉంది, బీమా కంపెనీ నా సమ్మతి కోసం ఎదురుచూస్తోంది. గురువారం వెళ్లేటప్పుడు ఏమేం తీసుకువెళ్లాలి?

గట్టుమీది చెట్టు:

సమన్ల కాగితం (మీరు సంతకం చేసిన టికెట్) రెండు వైపులా ఫోటో, పోలీసు రిపోర్టు సంఖ్య, దేశంలోకి వచ్చినప్పటి రికార్డు అయిన మీ ఐ-94, పాస్‌పోర్టు ప్రతి, హెచ్-1బి ఆమోద పత్రం ఐ-797, మీ డ్రైవింగ్ రికార్డు డీఎంవీనుంచి తెప్పించుకున్న ప్రతి, ప్రమాదం జరిగిన చోట మీరు గాని మీ భార్య గాని తీసిన ఫోటోలు తీసుకువెళ్లండి. జరిగినదంతా గుర్తున్నంతవరకు సిగ్నల్ రంగుతో సహా ఈ రాత్రే తెల్ల కాగితం మీద రాసి, పైన "నా లాయరు కోసం" అని పెట్టండి. దాన్ని ఈమెయిలులో గాని ఇక్కడ గాని ఇంకెవరికీ చూపకండి. ఈ చర్చలో మీరు రాసిన ప్రమాదం వివరాలను కూడా ముందు గురువారం ఆయనకు చూపించి, ఏం చేయాలో ఆయన చెప్పినట్టు చేయండి. అంతవరకు ఇక్కడ ఏదీ మార్చవద్దు, కొత్తగా ఏదీ కలపవద్దు. కారు వేలానికి సమ్మతి మాత్రం గురువారం దాటేదాకా ఇవ్వకండి.