మంచి ఉద్దేశంతో చేసినంత మాత్రాన పాపం పాపం కాకుండా పోతుందా?

అన్వేషి:
హెబ్రీయుల మగశిశువులను చంపమన్న ఫరో ఆజ్ఞను మంత్రసానులైన షిఫ్రా, పూయా పాటించలేదు. రాజు నిలదీసినప్పుడు, హెబ్రీ స్త్రీలు చురుకైనవారనీ తాము వెళ్లకముందే ప్రసవిస్తారనీ బదులిచ్చారు. దేవుడు వారికి మేలు చేశాడని నిర్గమకాండము మొదటి అధ్యాయం చెబుతోంది. యెరికోలో రాహాబు ఇశ్రాయేలు వేగులవారిని మిద్దెమీద దాచి, వెళ్లిపోయారని రాజభటులతో చెప్పింది. క్రొత్త నిబంధన ఆమెను విశ్వాసానికి మాదిరిగా చూపింది. ప్రాణాలు కాపాడాలనే ఉద్దేశం ఆ అబద్ధాలను నిర్దోషమైనవిగా చేసిందని వీటినిబట్టి చెప్పకూడదా?

బెరయ:
చెప్పకూడదనే నా అభిప్రాయం, అన్వేషి గారూ. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం, యాకోబు పత్రిక 2వ అధ్యాయం రాహాబు వేగులవారిని చేర్చుకోవడాన్నీ, వేరొక మార్గాన పంపివేయడాన్నీ మెచ్చుకున్నాయి గాని, ఆమె భటులతో అన్న మాటల ప్రస్తావనే తేలేదు. సంఘం తప్పుబోధకులుగా ఖండించగా రహస్యంగా మసలే ప్రిస్కిల్లియన్ వర్గీయులను బయటపెట్టడానికి అబద్ధమాడవచ్చా అని క్రీ.శ. 420 ప్రాంతంలో ప్రశ్న వచ్చినప్పుడు, ఉత్తర ఆఫ్రికా బిషప్పు, వేదాంతి అగస్టీన్ కూడదని చెబుతూ, దేవుడు మంత్రసానుల కనికరానికి ప్రతిఫలమిచ్చాడే తప్ప వారి అబద్ధానికి కాదని వాదించాడు. అన్నిటినీ నాశనం చేయమని దేవుడు ఆజ్ఞాపించినా, అమాలేకీయుల పశువులలో మేలైనవాటిని బలి అర్పించడానికే మిగిల్చామని రాజైన సౌలు చెప్పుకున్నాడు. అతని భక్తిమీద నాకు అనుమానమే. అయినా ప్రవక్త సమూయేలు ఆ ఉద్దేశం నిజమా కాదా అని విచారించకుండానే, బలికంటే విధేయత శ్రేష్ఠమని తీర్పు చెప్పాడు. ఇక మేలు కలగడానికి కీడు చేద్దామని తాము బోధిస్తున్నామన్న మాటను రోమా 3:8లో పౌలు అపవాదుగా కొట్టివేశాడు.

అన్వేషి:
అలాగైతే ఫరో ఎదుట ఆ స్త్రీలు ఏమి చేసి ఉండవలసింది?

బెరయ:
నోరు విప్పకుండా ఉండవచ్చు. తగాస్తే బిషప్పు ఫిర్మస్ గురించి అగస్టీనే రాశాడు. తాను దాచిన మనిషిని అప్పగించమని చక్రవర్తి భటులు అడిగితే, అబద్ధమాడనూ లేను, అతన్ని పట్టివ్వనూ లేనని చెప్పి ఆయన చిత్రహింసలు భరించాడు. చివరకు ఆ మనిషికి క్షమాభిక్ష సంపాదించాడు.

అన్వేషి:
ఫిర్మస్ అప్పగించుకున్నది తన దేహాన్ని. మంత్రసానులు మౌనం వహిస్తే మూల్యం చెల్లించేది పసికందులు. తన నిష్కళంకతను ఇతరుల ప్రాణాలతో కొనుక్కోవడం పొరుగువానిపట్ల ప్రేమ ఎలా అవుతుంది?

సుబోధ:
మీరిద్దరూ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నారు. ఉద్దేశం దోషభారాన్ని తగ్గిస్తుందా అన్నది ఒకటి, చేసిన పనినే ధర్మబద్ధం చేస్తుందా అన్నది మరొకటి. మొదటిదానికి లేఖనం అవుననే అంటుంది. పొరపాటున చేసిన పాపానికి లేవీయకాండము 4వ అధ్యాయం బలిని నియమించింది. తాను తెలియక, అవిశ్వాసంవల్ల హింసకుడినయ్యాను కాబట్టి కనికరింపబడ్డానని పౌలు తిమోతికి రాశాడు. అయితే బలీ కనికరమూ అవసరమయ్యాయంటే అది పాపంగానే మిగిలిందన్నమాట. రెండవదానికి యోహాను 16:2 చాలు: మిమ్మల్ని చంపే ప్రతివాడూ దేవునికి సేవ చేస్తున్నానని అనుకొనే కాలం వస్తుందని యేసు శిష్యులను హెచ్చరించాడు. ఉద్దేశమే తుది కొలమానమైతే ఆ హంతకులను తప్పుపట్టడానికి ఆధారమే ఉండదు. అందుకే మధ్యయుగపు వేదాంతి థామస్ అక్వినాస్ చేసే పని, దాని ఉద్దేశం, పరిస్థితులు మూడూ సరిగా ఉండాలన్నాడు. పేరు కోసం చేసిన దానం ఆ ఉద్దేశంవల్ల చెడుతుంది గాని, దానం కోసం చేసిన దొంగతనం దొంగతనంగానే ఉంటుంది.

అగస్టీన్‌తో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. వినేవానికి ఉన్న హక్కును భంగపరిస్తేనే అబద్ధం దోషమవుతుందని 1625లో డచ్ న్యాయవేత్త గ్రోషియస్ వాదించాడు. శిశువులను చంపించాలని అడిగే రాజుకు ఆ సమాధానంమీద ఏ హక్కు ఉంది? ఈ దారిలో వెళితే, మంచి ఉద్దేశం పాపాన్ని సమర్థించిందని కాదు, అక్కడ పాపమే జరగలేదని చెప్పవలసి ఉంటుంది.

బెరయ:
సుబోధ గారు చూపిన దారి ఎంతవరకు పోతుందన్నదే నా భయం. ఎవరికి ఏ హక్కు లేదో నిర్ణయించేది ఎవరు? జనమంతా నశించకుండా ఒక్క మనిషి చనిపోవడం మేలని ప్రధానయాజకుడు కయప చెప్పినప్పుడు, అతని లెక్కలోనూ యేసుకు జీవించే హక్కు మిగలలేదు.

అన్వేషి:
ఆ ప్రమాదం ఉన్నందువల్లే నాకు జర్మన్ వేదాంతి బాన్‌హోఫర్ మాట ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది. హిట్లర్‌పై కుట్రలో పాలుపంచుకొని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఉరితీయబడిన ఆ పాదిరి, బాధ్యతతో ప్రవర్తించేవాడు దోషాన్ని తనమీద వేసుకోవలసి రావచ్చునని రాశాడే గాని, సదుద్దేశంవల్ల తాను నీతిమంతుడినయ్యానని చెప్పుకోలేదు. తీర్పును దేవునికి విడిచిపెట్టాడు. ఉద్దేశం పాపాన్ని కడగదని బెరయ గారు చెప్పినది ఆయనకూ సమ్మతమే. కాని దానినిబట్టి చేతులు ముడుచుకొని కూర్చున్నవాడు నిర్దోషి అవుతాడని మాత్రం ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను.