ఆయన చేసిన అప్పులకు ఆమె ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాలా?

పెన్నా గట్టు:
మాది ప్రొద్దుటూరు. మా బావ బట్టల అంగడి నడిపేవాడు. ఉగాదికి ముందు గుండెపోటుతో పోయినాడు. బ్యాంకులో 4 లక్షల లోను ఉండాది, దాంట్లో మా అక్క సంతకం కూడా ఉంది. అది కాక చేబదుళ్ళకు రాసిన ప్రోనోట్లు ఐదు, అసలే 11 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. వాటిల్లో నాలుగు బావ ఒక్కడే రాసిచ్చినవి. ఐదోది లక్షన్నర. దినాలు జరిగిన రోజు పెద్దమనుషులు కూర్చోబెట్టి మా అక్క పేరుతో తిరగరాయించుకున్నారు.

ఆస్తి అంటే బావ పేరుతో మూడు సెంట్లలో ఇల్లు. మా నాయన పసుపుకుంకుమ కింద అక్కకిచ్చిన ఎకరన్నర వేరే ఉంది. వకీలేమో మొత్తం 15 లక్షలూ చూపించి అక్క పేరుతో ఐపీ పెట్టేద్దాం, పీడా పోతుంది అంటాడు. మా మామ వద్దంటాడు. పెట్టాలా, వద్దా?

నెత్తిన గుడ్డ:
పెట్టండి సామీ, అందరూ పెడుతున్నారు గదా. నేను రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో 2 లక్షలు తెలిసినోడని ఇచ్చినా. ఒకరోజు రిజిస్టరు పోస్టులో ఐపీ నోటీసు వచ్చింది. అప్పులోళ్ళ జాబితాలో నాది 37వ నంబరు. ఆస్తుల కాలమ్‌లో ఏం రాసినాడో తెలుసా? వంటపాత్రలు, ఒక పాత సైకిలు. ఆ సైకిలు మీద వాణ్ణి ఎవరూ ఎన్నడూ చూడలేదు, కారులో తప్ప.

అంగడి నడిచినన్నాళ్ళూ దాని మీదే గదా మీ అక్క ఇల్లు గడిచింది? లాభం ఇద్దరిదీ, అప్పు పోయినోడి ఒక్కడిదేనా? ఇల్లమ్మి తలా ఇంత పంచమనండి.

పాత గుమస్తా:
కడప కోర్టుల్లో వకీళ్ళ దగ్గర 22 ఏళ్ళు ఫైళ్ళు మోసినోణ్ణి. పైనాయన కడుపుమంట అర్థమవుతుంది గానీ, అప్పు ఎవరిదన్న సంగతి ముందు తేల్చాల.

భర్త ఒక్కడే సంతకం పెట్టిన నోటుకు భార్య సొంతంగా బాకీదారు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ప్రకారం, చనిపోయినాయన ఆస్తి వారసుల చేతికి ఎంత వచ్చిందో అంతవరకే వాళ్ళ మీద డిక్రీ అమలు చేసుకోవచ్చు. అంటే నాలుగు నోట్లోళ్ళు ఆ మూడు సెంట్ల ఇంటి మీదికి రావచ్చు. పసుపుకుంకుమ భూమి జోలికి రాలేరు.

ఇప్పుడు వకీలు చెప్పినట్టు చేస్తే ఏమవుతుంది? మనలాంటోళ్ళు పెట్టే ఐపీ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే. 2016లో వచ్చిన దివాలా కోడ్‌లో మామూలు మనుషులకు సంబంధించిన భాగం ఇంకా అమలు కాలేదు, కంపెనీ అప్పుకు హామీ ఉన్నోళ్ళకు తప్ప. ఆ పాత చట్టంలో దివాలాదారుగా ప్రకటించినారంటే, పిటిషన్ వేసినామె సొంత ఆస్తంతా కోర్టు చేతికో, కోర్టు పెట్టే రిసీవర్ చేతికో పోతుంది. అంటే భర్త అప్పుకు ఏ సంబంధమూ లేని ఎకరన్నరను మీ అక్కే తీసుకుపోయి వాళ్ళ ముందు పెట్టినట్టు. 9 లక్షలన్నర తనది కాని అప్పును తన అప్పని ప్రమాణపూర్వకంగా ఒప్పుకున్నట్టు.

ఆమె అప్పులు రెండే. బ్యాంకుది, తిరగరాసినది.

పెన్నా గట్టు:
తిరగరాసింది కూడా బావ అప్పే గదా సార్? అక్క చేతికి ఒక్క రూపాయి రాలేదు.

పాత గుమస్తా:
ఆ నోటు ఒకసారి చదివినావా? "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినము మీ వద్ద రొక్కముగా పుచ్చుకున్నాను" అని ఉంటుంది. అచ్చు ఫారం, పేరు, మొత్తం నింపుకోవడమే. మీ బావ పేరు దాంట్లో యాడా ఉండదు. రెవెన్యూ స్టాంపు మీద ఆమె సంతకం పడిందంటే రొక్కం ముట్టిందనే కోర్టు ముందు అనుకుంటుంది, ముట్టలేదని రుజువు చేసుకోవాల్సింది ఆమే. అందుకే దినాల రోజే పెట్టించుకుంటారు. తెల్ల చీరలో కూర్చున్న మనిషి ఫారం చదువుతుందా?

మగ్గం చప్పుడు:
గుమస్తా అన్నా, మీరు చెప్పిందంతా నిజమే. కానీ ఆ 50వ సెక్షన్ గడప ముందు కూర్చున్నోడికి ఎవరు చెప్తారు?

మాది ధర్మవరం. మా ఆయన పోయినప్పుడు నా సంతకం లేని అప్పులే ఎక్కువ. ఒకాయన పొద్దున ఆరుకే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ అనడు. కాఫీ ఇస్తే తాగుతాడు. పది గంటలకు లేచి పోతాడు. పిల్లకు పదో తరగతి పరీక్షలు. రెండు నెలలు చూసి నేను ఐపీ పెట్టినా, అన్ని అప్పులూ రాసినా. నోటీసులు అందినాక అరుగు ఖాళీ అయింది. నాకు కావాల్సింది అదే.

నష్టం లేదనను. గ్రూపులో నా పేరు మీద లోను రాలేదు, చీటీలో ఎవరూ చేర్చుకోలేదు. అయినా మళ్ళీ ఆ రోజులొస్తే అదే చేస్తా.

పాత గుమస్తా:
అమ్మా, మీకు సొంత భూమి లేదు, కాబట్టి మీకు పోయింది తక్కువ. ఈమెకు ఎకరన్నర ఉండాది. తేడా అంతా అక్కడే.

జైలు భయంతో ఐపీ పెట్టేవాళ్ళున్నారు. డబ్బు డిక్రీకి ఆడమనిషిని అరెస్టు చేసే వీలే లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే 56వ సెక్షన్. ఆ రక్షణ కోసం ఆడవాళ్ళు దివాలా తీయాల్సిన పనిలేదు.

ఒక్క మాట మాత్రం మీ వైపు ఒప్పుకుంటా. బ్యాంకు, తిరగరాసిన నోటు కట్టలేక ఐపీ పెట్టాల్సి వస్తే, మిగతా నలుగురినీ దాచిపెట్టకూడదు. వాళ్ళ పేర్లు రాసి, ఎదురుగా "భర్త అప్పు, నా సొంత బాధ్యత కాదు" అని రాయించాల. దాచితే రేపు వాళ్ళు వచ్చి మాకు నోటీసే లేదంటారు.

శనక్కాయ రైతు:
కొడుకున్నాడా? తండ్రి అప్పు కొడుకు తీర్చాల్సిందే గదా, శాస్త్రం గూడా అదే.

పాత గుమస్తా:
శాస్త్రం వరకు అంతే. కోర్టులో మాత్రం 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు ఆ ఒక్క కారణంతో కొడుకును పట్టుకునే వీల్లేదు. హిందూ వారసత్వ చట్టం సవరించినారు. భార్యకైతే ఆ బాధ్యత ముందు నుంచీ లేదు. ఇల్లు మాత్రం భార్యకు, పిల్లలకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకు సమానంగా వస్తుంది. అమ్మాలన్నా అందరి సంతకాలూ కావాల.

నెత్తిన గుడ్డ:
అంటే అప్పిచ్చినోడు ఇంట్లో ఆడవాళ్ళ సంతకం కూడా పెట్టించుకోవాలన్నమాట. బాగా చెప్పినారు, ఇకమీదట అట్లే చేస్తాం.

మగ్గం చప్పుడు:
చేయండి. కనీసం పెట్టేముందు చదివి వినిపించండి.

పెన్నా గట్టు:
ఎకరన్నర నా పేరుకు మార్చుకుంటే?

పాత గుమస్తా:
ఆ పని చేయొద్దు. రాసిచ్చిన రెండేళ్ళలోపు ఆమె దివాలా అయితే, ఊరికే రాసిన దస్తావేజును రిసీవరు కొట్టేయించొచ్చు. పైగా మోసం చేసిందన్న పేరు. అట్లే ఒక బంధువు బాకీ మాత్రం ముందు తీర్చేసి మూడు నెలల్లో ఐపీ పెట్టినా, కావాలనే వాడికి మేలు చేసిందని తేలితే ఆ చెల్లింపూ నిలవదు. బావ ఎల్‌ఐసీ ఉంటే బాండు తీసి చూడు. మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం కింద రాసిందైతే ఆయన అప్పులోళ్ళు దాన్ని ముట్టుకోలేరు.

పెన్నా గట్టు:
నిన్న రాత్రి అక్కతో కూర్చున్నాం. ఎల్‌ఐసీ మామూలుదే, 3 లక్షలు, అక్క నామినీ. బ్యాంకు వాళ్ళతో సెటిల్‌మెంట్ అడుగుతాం. ఐపీ ఇప్పటికి వద్దనుకున్నాం.

బావ లెక్కల పుస్తకం తిరగేస్తే ఒక నోటుకు కాలం ఎప్పుడో చెల్లిపోయింది. రాసి నాలుగేళ్ళు, మధ్యలో చెల్లు (కొంత కట్టినట్టు నోటు వెనక రాసే రాత) కూడా వేయలేదు. 80 వేలు. ఆ పెద్దాయన దినాలకు వచ్చినాడు, భోంచేసి పోయినాడు, నోటు మాటే ఎత్తలేదు. అక్క ముందు ఆయనకే ఇస్తానంటాది. కోర్టుకు పోయినా రాని డబ్బు గదక్కా అంటే, అందుకే అంటాది.

పాత గుమస్తా:
ఇవ్వనీ. విడతలుగా ఇస్తే నోటు వెనక ఆమె సంతకంతో చెల్లు రాయనీయద్దు, మిగతా మొత్తానికి కొత్త నోటు అసలే వద్దు. కడపటి రూపాయి ఇచ్చినరోజు అసలు నోటు చేతికి తీసుకోమను.