స్లాట్ క్యానియన్ ప్లాన్ చేశాం, ఇప్పుడేమో వాన అంటున్నారు. దిగాలా వద్దా?

తడిబూట్లు:
శనివారం నలుగురం స్లాట్ క్యానియన్ (వరదనీళ్ళు కోసిన సన్నటి, లోతైన రాతి ఇరుకు) దిగాలి. రాపెల్స్ (తాడు మీద కిందికి దిగడాలు), మధ్యమధ్య ఈత. ఇప్పుడు ఫోర్‌కాస్ట్ మారి మధ్యాహ్నం ఉరుములతో వాన అంటోంది. తెల్లవారుజామునే దిగి వాన రాకముందే బయటపడదామని ఇద్దరు. పొడి క్యానియన్‌కి మారుద్దామని ఇంకొకడు. వెట్‌సూట్లు (నీళ్ళలో చలి ఆపే రబ్బరు బట్టలు) 3 మి.మీ. మందంవి. మీరైతే ఏం చేస్తారు?

గట్టుమీదోడు:
ఆ ఇద్దరితో జాగ్రత్త. మా గ్యాంగ్‌లోనూ ఉన్నాడొకడు, తను సెలవు పెట్టాక మబ్బులు కూడా మాట వినాలంటాడు. వద్దన్నందుకు నాకు ‘పిరికోడు’ అని పేరెట్టాడు. పెట్టుకోనీ.

నీటికోడి:
3 మి.మీ.నా?? లోపల ఎండ పొడ కూడా ఉండదు. 5 లేకుండా దిగొద్దు.

బండరాయి:
వేసవికి 3 చాలు. 5 వేసుకుని అక్కడిదాకా నడిస్తే ఉడికిపోతారు.

నీటికోడి:
నడిచేటప్పుడు ఎవరు వేసుకోమన్నారండీ? నీళ్ళ దగ్గర వేసుకుంటారు. గాలికంటే నీళ్ళు ఒంట్లో వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. మావాడికి మండువేసవిలో వేళ్ళు కొంకర్లు పోయి, కారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) స్క్రూ తిప్పడం చేతకాక పక్కవాడు తిప్పిపెట్టాడు.

బండరాయి:
మీవాడి ఒంట్లో కండ లేకపోతే వెట్‌సూట్ ఏం చేస్తుంది? నేను గైడుగా చేసినవాణ్ణి, నాకు చెప్పకండి.

పైవాన:
గైడు గారూ, వరదొస్తే 3 అయినా 5 అయినా ఒకటే. వాన మీ నెత్తినే పడక్కర్లేదు. 1997 ఆగస్టులో అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ క్యానియన్‌లో 11 మంది పోయారు. వాన పడింది మైళ్ళ అవతల, ఎగువన. ఫోర్‌కాస్ట్ చూడాల్సింది క్యానియన్‌కి కాదు, దాన్లోకి నీళ్ళు దిగే ప్రాంతం మొత్తానికి. ‘తొందరగా దిగేస్తాం’ అంటారా? యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో కీహోల్ క్యానియన్ చిన్నదే. 2015 సెప్టెంబరులో అక్కడ ఏడుగురు పోయారు. పర్మిట్ ఇచ్చేటప్పుడు వరద రావచ్చని చెప్పారు కూడా.

గట్టుమీదోడు:
పర్మిట్ అంటే గుర్తొచ్చింది, వాన వల్ల మానుకుంటే కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా?

చిక్కుముడి:
తాడు సంగతి ఎవరూ ఎత్తరేం? మొదటి రాపెల్ దిగి తాడు లాగేశారా, ఇక వెనక్కి దారి లేదు. అది ఎక్కడైనా ఇరుక్కుంటే ‘వాన రాకముందే’ లెక్కంతా గోవిందా. చివరివాడు పైనుండగానే కిందనుంచి ఒకసారి లాగి చూడండి.

బండరాయి:
నా తాడు ఈరోజు వరకూ ఇరుక్కోలేదు.

చిక్కుముడి:
అయితే మీరు దిగినవి తక్కువే అన్నమాట.

బండరాయి:
ఇంట్లో కూర్చుని కీబోర్డు మీద క్యానియన్లు దిగేవాళ్ళకి నేను జవాబు చెప్పను.

పైవాన:
మీ కండలు మీ దగ్గరే ఉంచుకోండి సార్. తడిబూట్లూ, పొడి క్యానియన్ అంటే ఇవాళ నీళ్ళు లేవని మాత్రమే. దాన్ని చెక్కింది కూడా వరదే.

తడిబూట్లు:
కీహోల్ సంగతి ఆ ఇద్దరికీ పంపాను. ఒకడు సరేనన్నాడు, రెండోవాడు చదివి కూడా ఉలకడు పలకడు. క్యానియన్ ఏదైనా మానేసి, బయట కొండచరియ మీద రాపెల్ ప్రాక్టీసు చేద్దామంటున్నాను.

నీటికోడి:
మంచిది. కానీ ఉరుములుంటే బయట చరియ మీదా వద్దు. ఆ 3 మి.మీ. మాత్రం ఎవరికైనా అమ్మేయండి.

గట్టుమీదోడు:
డబ్బు సంగతి ఎవరూ చెప్పరా?