యంత్రస్వరాన్ని "వంత" అనవచ్చునా?

నల్లగొండలో రాబోయే మా ప్రదర్శన కరపత్రానికి ఒక మాట కావాలి. వేదిక మీద నేను ద్విపద (రెండేసి పాదాల పద్యం) చదువుతుంటే, లాప్‌టాప్‌లోని కృత్రిమ స్వరం నా పాదంలోని చివరి మాటను అందుకొని, సింథసైజర్ నాదంలో కలిపి, శ్రుతి మార్చి తిరిగి పలుకుతుంది. ముందుగా రికార్డు చేసినదేదీ ఉండదు, అంతా అప్పటికప్పుడే జరుగుతుంది. "సంశ్లేషిత వాక్కు" అంటే నోరు తిరగదు, "రోబో గొంతు" అంటే నవ్వుతారు. బుర్రకథలో కథకునికి అటూ ఇటూ నిలిచి పాట అందుకునే వంతలు గుర్తుకు వచ్చి, ఈ స్వరాన్ని "వంత" అనాలనుకున్నాను. అయితే పాత కావ్యభాషలో వంత అంటే దుఃఖం. "చింతలూ వంతలూ" అనే జంటలో ఆ అర్థం ఇప్పటికీ మిగిలి ఉంది. నేటి వాడుకలో "వంత పాడటం" అంటే ఎదుటివాడు ఏమన్నా తలూపడం. ఈ రెండర్థాలూ అడ్డు వస్తాయా?

*

జవాబు, మహబూబ్‌నగర్ నుండి:

దుఃఖార్థం అడ్డు రాదు, సందర్భమే దానిని తొలగిస్తుంది. తలూపే అర్థమే చిక్కు, ఎందుకంటే అసలు వంతలు తలూపి ఊరుకునేవారు కారు. బుర్రకథలో ఒక వంత హాస్యం చెబుతుంది, మరొకటి లోకంలోని రాజకీయం ఎత్తుతుంది, ఇద్దరూ కథకుణ్ణి ప్రశ్నిస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, వారు అందుకున్నంత సేపూ కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు. మీ యంత్రం మాటను తిరిగి పలకడమే చేస్తుందా, మీకు తెరపి కూడా ఇస్తుందా? మొదటిదే అయితే దానికి "ప్రతిధ్వని" చాలు.

ఊపిరి సంగతి వచ్చింది కనుక ఒక మాట. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ 1791లో తన మాట్లాడే యంత్రాన్ని వర్ణిస్తూ పుస్తకం ప్రకటించాడు. దానిలో ఊపిరితిత్తులకు బదులుగా ఉన్నది తిత్తి, మన కమ్మరి కొలిమితిత్తికి దూరపు చుట్టం. 1961లో బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ, కరోల్ లాక్‌బామ్ కంప్యూటర్ చేత పాట పాడించినప్పుడు ఆ తిత్తి లేదు, వాద్యసహకారాన్ని కూడా మాక్స్ మాథ్యూస్ కంప్యూటర్ మీదనే సమకూర్చాడు. అక్కడ యంత్రమే ప్రధాన గాయని, దానిని వంత అనడానికి వీలు లేదు. మీ దగ్గర ప్రధానం మనిషి కనుక పేరు నిలవవచ్చు.

*

సారూ, మీ ప్రశ్న విన్నాక నిన్న సాధనలో పరీక్షించి చూశాను. ద్విపదలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడవ గణం మొదట యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే చోటు). గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని నడిపించిన ఛందస్సు ఇదే కనుక పాలమూరు (మహబూబ్‌నగర్) వారికి నేను చెప్పనక్కర లేదు. ఇందుకోసమే నేను కట్టిన రెండు పాదాలు ఇవి:

మరగొంతు పలుకంగ మానిసి యాగి
తెరపిని గైకొని తిరిగి తాఁ బాడె

వీటిని యంత్రం చేతనే చదివించాను. "మానిసి" దగ్గరా, "తిరిగి" దగ్గరా మన గొంతు తనంతట తానే ఒక రెప్పపాటు ఆనుకుంటుంది. యంత్రం మాత్రం పాదాన్ని వచనంలా ఒక్క బిగిన చదివి, చివర స్వరం దించి వదిలేసింది. మొదట దీనిని లోపమనుకొని యతిస్థానంలో కామా పెట్టి చూశాను. ఆగింది గాని, ఆ ఆగడం లెక్క అప్పజెప్పే గుమాస్తాది. కామా తీసేశాను. ఆ తరువాత, అది ఆగకుండా సాగుతున్న ఆ రెండు మూడు క్షణాలలోనే నేను ఊపిరి పీల్చుకొని తరువాతి పాదం అందుకుంటున్నానని గమనించాను. తెరపి ఇస్తున్నది, తాను మాత్రం తీసుకోవడం లేదు. ప్రశ్నించడం ఇంకా రాలేదు. నేను చదివిన పదానికి బదులు దాని ప్రాసపదాన్ని ఎంచి పలికేలా మార్చి చూడాలి.

పేరు "మరవంత" అని కలిపి రాద్దామనుకున్నాను గాని, మరమనిషి, మరబొమ్మల వరుసలో చదివేవారికి బాగున్నా, వినేవారికి అది మరవడంలా వినిపిస్తుంది. అందుకని కథాబృందాల కరపత్రాల పద్ధతిలోనే వేయిస్తున్నాను: పద్యం: మనిషి, వంత: మర.