‘ఒక మోల్ ఆక్సిజన్’: ఈ మాట పూర్తయిందా?

ప్రశ్న: రసాయన శాస్త్రం చదివే పిల్లలు ‘ఒక మోల్ ఆక్సిజన్’ బరువు 32 గ్రాములని ఒకసారి, 16 గ్రాములని మరొకసారి చెబుతున్నారు. ఇంతకీ మోల్ అంటే బరువా, సంఖ్యా?

జవాబు: సంఖ్యేనండీ. డజను ఎలాంటి మాటో ఇదీ అలాంటిదే, కాకపోతే పన్నెండుకు బదులు 6.02214076 × 10²³. ‘డజను తెచ్చాను’ అంటే ఎవరైనా ‘ఏవి?’ అని అడుగుతారు. ‘ఒక మోల్ ఆక్సిజన్’ అన్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వేయరు, చిక్కంతా అక్కడే. పరమాణువులైతే 16 గ్రాములు. రెండేసి పరమాణువులున్న అణువులైతే 32. పైగా మనం పరమాణువును కూడా ‘అణువు’ అనేస్తాం. అణుబాంబులో చీలేది నిజానికి పరమాణు కేంద్రకం! వాడుకలో అది చెల్లుతుంది కానీ మోల్ లెక్కలో జవాబు రెట్టింపో సగమో అవుతుంది. కాబట్టి ‘ఒక మోల్ ఆక్సిజన్ అణువులు’ అని బహువచనంతో పూర్తిగా రాయడమే మేలని నా అభిప్రాయం.

మరొకరు: సంఖ్యే అయితే గ్రాముల గొడవ ఎందుకు?

జవాబు: ఒక్కొక్కటీ లెక్కపెట్టలేం కనుక. ఒక్కో బోల్టు నట్టుకు 16 రెట్లు బరువుందనుకోండి. కిలో నట్లు, 16 కిలోల బోల్టులు తూచి పెడితే రెండూ సరిసమానం, ఎన్నున్నాయో తెలియనక్కర్లేదు. బోల్టుకు రెండేసి నట్లు కావాలా? రెండు కిలోల నట్లు తూచండి. నట్టు స్థానంలో హైడ్రోజన్‌ను, బోల్టు స్థానంలో ఆక్సిజన్‌ను, కిలోల స్థానంలో గ్రాములను పెడితే 2, 16 కలిసి 18 గ్రాముల నీరు, అంటే ఒక మోల్ నీటి అణువులు.

సంఖ్య తెలియకుండానే ఈ పద్ధతి నడిచింది. ఆ సంఖ్య ఇప్పుడు ఎవరి పేరుతో ఉందో ఆ ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో 1856లోనే కన్నుమూశారు. ఆ సంఖ్యను లెక్కగట్టే దారి చూపుతూ ఆస్ట్రియా శాస్త్రవేత్త లోష్మిట్ అణువుల పరిమాణాన్ని అంచనా కట్టింది 1865లో. ఆ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టింది 1909లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ పెరాన్. ఇందులో నాకు బాగా నచ్చే విడ్డూరం ఒకటుంది: ‘మోల్’ అనే మాటను వాడుకలోకి తెచ్చిన రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్, ఆ మాట తెచ్చేనాటికి పరమాణువులున్నాయనే నమ్మలేదు! ఆయనకు మోల్ అంటే గ్రాముల్లో తూచిన బరువే. మన పిల్లల నోట ఇప్పటికీ పలుకుతున్నది ఆ పాత అర్థమే. 2019 మే 20 నుంచి అమలైన నిర్వచనంలో మాత్రం గ్రాముల ప్రస్తావనే లేదు, ఉన్నది స్థిరమైన సంఖ్య.

మరొకరు: ఉప్పులో విడివిడి అణువులు ఉండవు కదా, ‘ఏవి?’ అంటే ఏం చెప్పాలి?

జవాబు: మంచి మెలిక పెట్టారు. ఉప్పులో ఉండేవి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు. ఒక సోడియం అయాను, ఒక క్లోరైడ్ అయాను కలిపి ఒక జతగా లెక్కించాలి. అలాంటి జతలు ఒక మోల్ ఉంటే సుమారు 58.4 గ్రాములు. విడివిడిగా అయాన్లనే లెక్కపెడితే అదే ఉప్పులో రెండు మోల్‌లు ఉన్నట్టు.